డ్యామ్ కింది నదిలో ట్రౌట్‌కు ఫ్లై గాలం వేయడం ఎలా?

వేసవిలో నలభై డిగ్రీలు కాగే టెక్సాస్‌లో చన్నీటి చేప ఉంటుందంటే మొదట్లో నేనూ నమ్మలేదు. ఆస్టిన్ నుంచి కారులో గంట వెళ్తే గ్వాడలూప్ నది వస్తుంది. శాన్ ఆంటోనియో నుంచైనా దాదాపు అంతే. ఆ నది మీద కట్టిన కెన్యాన్ డ్యామ్ దిగువన, సున్నపురాతి గట్లూ సైప్రస్ చెట్లూ ఉన్న కొన్ని మైళ్ల మేర రెయిన్‌బో ట్రౌట్, అక్కడక్కడా బ్రౌన్ ట్రౌట్ దొరుకుతాయి. ట్రౌట్ అంటే సాల్మన్‌కు దగ్గర చుట్టం. నీళ్లు చల్లగా ఉండాలి, వాటిలో ప్రాణవాయువు బాగా కలిసి ఉండాలి, లేకపోతే బతకదు. మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరులు, మున్నార్ కొండల్లో ఉంది. గోదావరిలో వదిలితే మాత్రం ఒక్క ఎండాకాలం కూడా దాటదు.

మరి టెక్సాస్‌లో ఎలా బతుకుతోంది? మన చెరువు తూము గుర్తు చేసుకోండి. తూము కట్ట అడుగున ఉంటుంది, నీళ్లు అడుగు నుంచే వస్తాయి. కెన్యాన్ డ్యామ్‌దీ అదే ఏర్పాటు. ఎండకు జలాశయం పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. బరువైన చన్నీరు అడుక్కి చేరి అక్కడే నిలుస్తుంది. డ్యామ్ ఆ అడుగునీటిని కిందికి వదులుతుంది. అందుకే జూలైలో కూడా డ్యామ్ కింద నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. 1964లో ఈ జలాశయం నింపడం మొదలుపెట్టారు. ఆ దశకంలోనే దిగువన ట్రౌట్ వదలడమూ మొదలైంది. ఇప్పటికీ ఏటా చలికాలంలో టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చేపల్ని వదులుతుంది. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ స్థానిక శాఖ కూడా పెద్ద చేపల్ని తెచ్చి వదులుతుంది.

డ్యామ్ నుంచి కిందికి పోయేకొద్దీ నీళ్లు మళ్లీ వేడెక్కుతాయి. కాబట్టి ఎండాకాలంలో ట్రౌట్ పై కొద్ది మైళ్లకే పరిమితం. నవంబరు చివరి నుంచి మార్చి దాకా నది పొడవునా చాలాచోట్ల దొరుకుతుంది. కొత్తవాళ్లకు ఆ నాలుగు నెలలే సరైనవి. ఎండాకాలంలో నది పక్కనే సాగే రివర్ రోడ్డు పొడవునా నీళ్లలో టైర్ ట్యూబుల మీద తేలే జనమే ఉంటారు, వాళ్ల మధ్య గాలం వేయడం తిరునాళ్లలో గాలిపటం ఎగరేసినట్టుంటుంది.

ముందు నీళ్లెన్ని వదిలారో చూడండి

కొత్తవాళ్లందరూ మొదట అడిగేది ఏ ఫ్లై, అంటే ఏ ఉత్తుత్తి పురుగు ఎర, కట్టాలని. అది నాలుగో ప్రశ్నో ఐదో ప్రశ్నో కావాలి. డ్యామ్ కింది నదిలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఇవాళ ఎన్ని నీళ్లు వదిలారు?

ఈ ప్రశ్న తెలుగువాళ్లకు కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి ఇన్ని క్యూసెక్కులు, ధవళేశ్వరం నుంచి అన్ని క్యూసెక్కులు అని పేపర్లో చదువుతూ పెరిగినవాళ్లం. అమెరికా నదుల లెక్కల్లో కనిపించే సీఎఫ్ఎస్ అన్నది అచ్చంగా మన క్యూసెక్కే, సెకనుకు ఒక ఘనపుటడుగు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వాళ్ల కొలత కేంద్రం శాట్లర్ అనే ఊరి దగ్గర ఉంది. అక్కడి ప్రవాహం లెక్క ఇంటర్నెట్లో ఉచితంగా, ఎప్పటికప్పుడు కనిపిస్తుంది. బయల్దేరే ముందు రాత్రి ఒకసారి, తెల్లవారి కారెక్కేముందు ఒకసారి చూడండి. అంకెతో పాటు గత రెండు మూడు రోజుల గీత ఎటు పోతోందో కూడా చూడాలి. సమంగా ఉన్న గీత అన్నిటికంటే మంచిది.

నా లెక్క ఇది. వంద క్యూసెక్కుల కంటే తక్కువైతే నీళ్లు అద్దంలా ఉంటాయి, చేప మిమ్మల్ని ముందే చూస్తుంది, సన్నటి దారం, చిన్న ఫ్లై, దొంగ అడుగులు తప్పవు. వంద నుంచి మూడు వందల మధ్య నదిలో దిగి నడవడానికి హాయి. నాలుగు వందలు దాటితే తొడలోతు నీరు కూడా మనిషిని నెడుతుంది, ఒడ్డుకు దగ్గరగానే ఉండాలి. ఆరు వందలు దాటితే నేను నీళ్లలో దిగను. అప్పుడు పడవ ఉన్నవాళ్లదే రాజ్యం. వరదనీరు నిండినప్పుడు డ్యామ్ నుంచి వేల క్యూసెక్కులు వస్తాయి, ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫ్లైలు కట్టుకోవడం మేలు.

జలాశయం పెద్దదేమీ కాదు. సాధారణ నీటిమట్టంలో దాదాపు 16 టీఎంసీలు పడుతుంది, 312 టీఎంసీల నాగార్జునసాగర్ ముందు పిల్లచెరువు. కానీ ఆ నీటిని ఎప్పుడు ఎంత వదలాలన్నది దిగువన ఎవరికి ఎంత కావాలన్నదాని మీద ఉంటుంది, మన చేపల వేట మీద కాదు. పై నుంచి వదిలిన నీరు ఐదారు మైళ్ల కింద ఉన్న మీ దగ్గరికి చేరడానికి గంటలు పడుతుంది. కొలత కేంద్రంలో పొద్దున ఎనిమిదికి పెరిగిన నీరు మీ మోకాళ్ల దగ్గర మధ్యాహ్నం పెరుగుతుందన్నమాట. ఒకటి రెండు సార్లు గమనిస్తే మీ చోటికి ఎంతసేపు పడుతుందో మీకే పట్టుబడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటికి హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న పిల్లలు. డ్యామ్ కింద నది ఎంత నెమ్మదిగా కనిపించినా అది మనిషి చేతిలో ఉన్న నది. వాన లేకుండానే పొంగుతుంది. గ్వాడలూప్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2025 జూలై 4 నాటి వరదలో డ్యామ్‌కు ఎగువన ఈ నదే వందమందికి పైగా ప్రాణాలు తీసింది.

కాబట్టి నీళ్లలో దిగేముందు ఒడ్డున నీటి అంచులో ఒక పుల్ల గుచ్చండి. పావుగంటకోసారి దాని వైపు చూడండి. పుల్ల మొదలు మునుగుతుంటే, నీటి మీద ఎండుటాకులూ చెత్తా ఒక్కసారిగా ఎక్కువైతే, నీటి చప్పుడు మారితే ఆలోచించకుండా ఒడ్డెక్కండి. చేప గాలానికి ఉన్నా సరే. ఎప్పుడూ మీరు కారు పెట్టిన ఒడ్డు వైపే వేట సాగించండి. అవతలి ఒడ్డుకు దాటాక నీళ్లు పెరిగితే వంతెన దాకా ముళ్లకంపల్లో నడవాల్సి వస్తుంది.

లైసెన్సు, దారి

పదిహేడేళ్లు నిండినవాళ్లకు టెక్సాస్ మంచినీటి చేపల లైసెన్సు కావాలి. ఆన్‌లైన్లో ఐదు నిమిషాల పని, ఒక్కరోజు లైసెన్సు కూడా ఉంది. ఈ నదిలో ట్రౌట్‌కు ప్రత్యేక నియమాలున్నాయి. ఎఫ్ఎం 306 రోడ్డు తూర్పు వంతెన నుంచి రివర్ రోడ్డు మీది రెండో వంతెన దాకా కృత్రిమ ఎరలే వాడాలి, 18 అంగుళాల లోపు ట్రౌట్‌ను వదిలేయాలి, రోజుకు ఒక్కటి మించి ఉంచుకోకూడదు. డ్యామ్‌కు దగ్గరి భాగానికి వేరే నియమం, కిందికి వేరే నియమం. ఏటా ఒకసారి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి, నియమాలు మారుతుంటాయి.

లైసెన్సు కంటే దారే కష్టం. నది అందరిదీ, ఒడ్డు మాత్రం ప్రైవేటుది. కంచె దాటి దిగితే గొడవే. డ్యామ్‌కు సరిగ్గా కింద ప్రభుత్వ స్థలం ఉంది, అక్కడ దిగవచ్చు. మిగతా చోట్ల రోజుకింత అని తీసుకునే క్యాంపుగ్రౌండ్లు ఉన్నాయి. సీజనంతా వెళ్లేవాళ్లయితే ట్రౌట్ అన్‌లిమిటెడ్ శాఖలో చేరి, వాళ్లు కౌలుకు తీసుకున్న స్థలాల్లోంచి దిగే సదుపాయం తీసుకోవడం గిట్టుబాటు.

ఏమేం కావాలి

మన గాలానికీ దీనికీ తేడా ఒక్కటి అర్థమైతే సామాను దానంతటదే అర్థమవుతుంది. కాలువ గట్టున గాలం వేసినప్పుడు సీసం గుండు బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే లేదు. కొక్కేనికి ఈకలు, దారం, బొచ్చు చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు అది. దాన్ని విసరడానికి దారానికే బరువు పెట్టారు. ఫ్లై లైన్ నూడుల్స్ అంత లావుగా ఉంటుంది. కర్ర ఆ లైన్‌ను విసురుతుంది, లైన్ ఫ్లైని మోసుకుపోతుంది.

తొమ్మిదడుగుల, 5 నంబరు కర్ర (ఆ నంబరు అది విసరగల లైను బరువును చెబుతుంది). దానికి తగిన రీలు, నీటి మీద తేలే లైను. లైను చివర తొమ్మిదడుగుల లీడర్, అంటే కొసకు పోయేకొద్దీ సన్నబడే పారదర్శకమైన దారం. దాని చివర కట్టుకోవడానికి 5ఎక్స్, 6ఎక్స్ టిప్పెట్ అనే సన్నదారం చుట్టలు. ఈ ఎక్స్ లెక్క తికమకగా ఉంటుంది కానీ సులువే: 11లోంచి ఆ అంకె తీసేయండి, మిగిలింది అంగుళంలో వెయ్యో వంతుల మందం. 5ఎక్స్ అంటే వెయ్యిలో ఆరు, 6ఎక్స్ అంటే ఐదు. అంకె పెరిగేకొద్దీ దారం సన్నం.

కర్ర, రీలు, లైను కలిపి అమ్మే సెట్లు కొనండి, మొదటి రెండేళ్లకు అవి చాలు. డబ్బు పెట్టాల్సింది వేరే చోట. ఒకటి, పోలరాయిడ్ కళ్లద్దాలు. అవి లేకుండా నీటి లోపల ఏమీ కనిపించదు, పైగా కొక్కెం ఎగిరి వచ్చి కంటికి తగలకుండా కాపాడేవీ అవే. రెండు, మంచి పట్టున్న బూట్లు, చలికి నీళ్లు లోపలికి రాని వేడర్లు, అంటే ఛాతీ దాకా వచ్చే ప్యాంటు లాంటి తొడుగు, నడుముకు బిగించే బెల్టు. బెల్టు లేకుండా వేడర్లు వేసుకోవద్దు, పడితే కాళ్లలోకి నీళ్లు నిండుతాయి. మూడు, చేతికర్ర. గ్వాడలూప్ అడుగు సున్నపురాతి పలక. మెట్టు మెట్టుగా ఉంటుంది, పాకుడు పడితే సబ్బు మీద నడిచినట్టే. మొదటి ఏడాది నేను మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఇంకొక్క అడుగే కదా అని వేశాను. ఛాతీ దాకా దిగిపోయాను. నీళ్లు తేటగా ఉంటే లోతు తక్కువనిపిస్తుంది, అది కళ్లు చేసే మోసం. ఆ రోజు ఫోను పోయింది, ఆ తర్వాత చేతికర్ర కొన్నాను.

వీటితో పాటు సన్నమూతి పటకారు, గోళ్ల కత్తెర, రబ్బరు వల, చిన్న సీసం గుళ్లు, తేలే బెండు, నీళ్ల థర్మామీటరు. ఫ్లైలు ఈ నదికి ఇవి చాలు: నలుపు, ఎరుపు జీబ్రా మిడ్జ్ 18, 20 నంబర్లలో, ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ 14, 16లో, శాన్ వాన్ వర్మ్, అంటే ఎర్రని నూలు తునకతో చేసిన వానపాము, చేపగుడ్డు లాంటి ఎగ్ ఫ్లై, నల్ల, ఆకుపచ్చ వూలీ బగ్గర్. కొక్కెం నంబరు కూడా తలకిందుల లెక్కే, పెద్ద అంకెకు చిన్న కొక్కెం.

గడ్డిలో పది గంటలు

నదికి పోకముందు ఇంటి వెనక గడ్డిలో విసరడం నేర్చుకోండి. ఫ్లై బదులు చిన్న నూలు ముక్క కట్టండి. ముప్ఫై అడుగుల లైను ముందు నేల మీద పరచండి. కర్ర కొస నేలకు దగ్గరగా పెట్టి మొదలుపెట్టి, మెల్లగా ఎత్తుతూ వేగం పెంచి, చెవి దగ్గర ఠక్కున ఆపండి. లైను వెనక్కి ఎగిరి పూర్తిగా చాచుకునేదాకా ఆగండి. ఆ ఆగడమే అసలు విద్య. కొత్తవాళ్లంతా తొందరపడేది అక్కడే, కొరడా దెబ్బలా టప్ మని శబ్దం వస్తే ఫ్లై తెగిపోయినట్టే. చాచుకున్నాక ముందుకు తెచ్చి కళ్ల ఎత్తులో మళ్లీ ఠక్కున ఆపండి. మణికట్టు విరగనివ్వకండి, ముంజేతి పని అది.

ఇంకా ముఖ్యమైనది రోల్ కాస్ట్. గ్వాడలూప్ ఒడ్డున సైప్రస్ కొమ్మలు వెనక కాచుకుని ఉంటాయి, మామూలుగా విసిరితే ఫ్లైలన్నీ వాటికే దక్షిణ. రోల్ కాస్ట్‌లో లైను వెనక్కి పోదు. కర్రను మెల్లగా భుజం దాకా ఎత్తి, లైను చెవి పక్కన వేలాడుతూ ఆగేదాకా ఉండి, సుత్తితో మేకు కొట్టినట్టు ముందుకు కొట్టండి. నీటి మీద ఉన్న లైను చుట్టుకుంటూ ముందుకు దొర్లుతుంది. ఇది గడ్డి మీద సరిగా రాదు, నీళ్లు కావాలి, ఏ చెరువు గట్టునైనా సాధన చేయవచ్చు. మీకు కావాల్సిన దూరం పాతిక అడుగులు. అరవై అడుగులు విసరడం చూడటానికి బాగుంటుంది, చేపలు మాత్రం దగ్గరలోనే పడతాయి.

గాలం కట్టడం

వానకు ఉసిళ్లు లేచినప్పుడు చెరువులో చేపలు ఎగిరెగిరి పట్టడం చూసే ఉంటారు. ఫ్లై ఫిషింగ్ అనగానే జనం ఊహించేది అదే, నీటి మీద తేలే ఫ్లైని చేప పైకొచ్చి అందుకోవడం. ఆ ముచ్చట ఇక్కడా అప్పుడప్పుడు జరుగుతుంది. కానీ డ్యామ్ కింది నదిలో చేప తిండి ఎక్కువ భాగం అడుగునే ఉంటుంది. నీటి చల్లదనం ఏడాది పొడవునా పెద్దగా మారదు, అందుకని మిడ్జ్ అనే దోమజాతి చిన్నపురుగుల లార్వాలు లెక్కలేనన్ని పెరుగుతాయి. చేప నోటికి రోజంతా అవే అందుతుంటాయి. అందుకే మనమూ అడుగుకే పంపాలి.

లీడర్ చివర 14 నంబరు హేర్స్ ఇయర్ కట్టండి. దాని కొక్కెం వంపుకు అడుగున్నర 6ఎక్స్ టిప్పెట్ ముడివేసి, రెండో చివర 18 నంబరు జీబ్రా మిడ్జ్ కట్టండి. పై ఫ్లైకి జానెడు ఎత్తున ఒక సీసం గుండు నొక్కండి. ఆ పైన బెండు. బెండుకూ ఫ్లైకీ మధ్య దూరం నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు ఉండేలా పెట్టి మొదలుపెట్టండి, ఎందుకంటే ప్రవాహంలో దారం నిట్టనిలువుగా వేలాడదు, ఏటవాలుగా ఉంటుంది.

ముడుల్లో క్లించ్ ముడి ఒక్కటి వస్తే చాలు. దారాన్ని కొక్కెం కన్నంలోంచి తీసి, దారం చుట్టూ ఐదుసార్లు చుట్టి, కొసను కన్నం దగ్గర ఏర్పడ్డ చిన్న సందులోంచి దూర్చి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి దారం బలం పోతుంది. పోయిన చేపల్లో సగం ఇక్కడ పోయినవే. పటకారుతో కొక్కెం మొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును నొక్కేయండి. చేపను వదలడం తేలిక, మీ వేలికి గుచ్చుకుంటే తీయడమూ తేలికే.

ఎక్కడ వేయాలి

ట్రౌట్ బద్ధకస్తురాలు. తక్కువ కష్టంతో ఎక్కువ తిండి దొరికే చోట, ఎగువకు తలపెట్టి నిలబడి ఉంటుంది. వేగమైన నీరూ నెమ్మది నీరూ కలిసే గీతను వెతకండి. చాలాసార్లు దాని మీద నురుగు తేలుతూ ఉంటుంది. నురుగు పోయే దారే పురుగులు పోయే దారి. రాతిపలక మెట్టు దిగి లోతు మొదలయ్యే చోటు, పెద్దరాయి ముందూ వెనకా, మడుగులోకి నీరు దూకే తల, ఇవీ మంచివే. చలి ఎక్కువగా ఉన్న పొద్దున నెమ్మదైన లోతు మడుగులు చూడండి, ఎండెక్కాక వడినీటి వైపు జరగండి.

వచ్చీ రాగానే నీళ్లలో దిగకండి. కొత్తవాళ్లు నిలబడే చోటే చేప ఉండే చోటని గైడ్లు నవ్వుకుంటారు, నిజమే. ముందు ఒడ్డు పక్క నీళ్లలో వేయండి, ఆ తర్వాత ఒక్కో అడుగూ లోపలికి.

నీటితో పాటు పోనివ్వడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి.

నీటిలో కొట్టుకుపోతున్న పురుగు ఈదదు. ఆకు ఎంత వేగంగా పోతోందో పురుగూ అంతే వేగంగా పోతుంది. మీ ఫ్లై అంతకంటే కొంచెం వేగంగా పోయినా, పక్కకు జారినా, ట్రౌట్ దాన్ని చూసి ఊరుకుంటుంది. ఏడాదిగా ఇక్కడ ఉన్న చేప వందల ఫ్లైలు చూసి ఉంటుంది. మీ చేతిలో ఉన్న ఫ్లై పేరు దానికి అక్కర్లేదు, నడక కావాలి.

చిక్కు ఎక్కడంటే, మీకూ బెండుకూ మధ్య నీరంతా ఒకే వేగంతో పోదు. మధ్యలో వడి ఉంటే అది లైనును విల్లులా వంచి ముందుకు లాగుతుంది, లైను బెండును లాగుతుంది, బెండు ఫ్లైని లాగుతుంది. దీనికి విరుగుడు మెండ్ చేయడం. బెండు నీట పడగానే, వంపు రాకముందే, కర్ర కొసతో లైనును ఎత్తి ఎగువ వైపుకు తిప్పి వేయండి, చీరకుచ్చెళ్లను ఒక పక్కకు విదిలించినంత సుతారంగా. బెండు కదలకూడదు, లైను ఒక్కటే కదలాలి. మొదట్లో బెండు కూడా ఎగురుతుంది, పది పదిహేను సార్లకు చేయి పట్టు తెలుస్తుంది. వంపు మళ్లీ వస్తే మళ్లీ తిప్పండి. కర్రను ఎత్తి పట్టుకుంటే నీటి మీద లైను తక్కువ ఉంటుంది, అసలు వంపే తక్కువ.

సరిగ్గా పోతోందా అన్నది తెలుసుకోవడానికి బెండు పక్కన ఉన్న నురుగు బుడగను చూడండి. రెండూ జంటగా పోతుంటే బాగున్నట్టు. బెండు బుడగను దాటితే లైను లాగుతున్నట్టు. బెండు బుడగ కంటే ఒక్క వెంట్రుకవాసి నెమ్మదిగా పోతే ఇంకా మంచిది, అడుగున నీరు పైనీటి కంటే నెమ్మదిగా పోతుంది కాబట్టి.

ఎగువకు ఏటవాలుగా వేసి, మీ ముందు నుంచి పోనిచ్చి, దిగువన లైను చాచుకునేదాకా వదలండి. చివర ఫ్లైలు పైకి లేస్తాయి, అప్పుడొక చేప అందుకోవడం తరచుగా జరుగుతుంది, కాబట్టి వెంటనే లాగేయకండి. ఒక వరసలో ఐదారు సార్లు వేశాక రెండడుగులు దూరం వేయండి. ఆ వరసలన్నీ అయ్యాక రెండడుగులు కదలండి.

చేప పట్టలేదంటే ఫ్లై మార్చడం ఆఖరి మాట. ముందు లోతు మార్చండి. పదిసార్లలో రెండు మూడు సార్లు ఫ్లై అడుగుకు తగిలి బెండు వణకాలి. అసలు తగలకపోతే ఫ్లై చేపల నెత్తి మీదుగా పోతోంది, బెండును అరడుగు పైకి జరపండి, లేదా ఇంకో సీసం గుండు నొక్కండి. ప్రతిసారీ తగులుతుంటే తగ్గించండి. ఆ తర్వాత నడక సరిచూసుకోండి. ఆ తర్వాతే డబ్బా తెరవండి. నేనొకసారి పక్కన నిలబడ్డ పెద్దాయన వరసగా పడుతుంటే ఉండబట్టలేక ఏ ఫ్లై అని అడిగాను. చూపించాడు. నాదీ అదే. అతని బెండు నా దానికంటే రెండడుగులు పైన ఉంది.

ఫ్లై మార్చేటప్పుడు కూడా డ్యామ్‌నే అడగాలి. నీరు పెరగడం మొదలైన తొలి గంటలో అడుగు కదిలి పురుగులూ వానపాములూ కొట్టుకొస్తాయి. ఒడ్డున నిలబడి ఎర్ర శాన్ వాన్ వర్మ్ వేయడానికి అది సమయం. నీరు సమంగా, తేటగా ఉన్న రోజు చిన్న మిడ్జ్. కొత్తగా చేపల్ని వదిలిన వారంలో ఎగ్ ఫ్లైని చూస్తే ఆగలేవు, చెరువులో మేత తిని పెరిగినవి కదా, ఉండలా గుండ్రంగా ఏది కనిపించినా తిండే. సాయంత్రం వెలుతురు తగ్గాక బెండు తీసేసి వూలీ బగ్గర్ కట్టి, అడ్డంగా వేసి, చిన్నచిన్న కుదుపులతో లాగండి. అది చిన్నచేపలా ఈదుతుంది, దానికి మెండ్ అక్కర్లేదు. ఆరుబయట హాయిగా చేసే వేట అది.

పడ్డాక

బెండు మునగాలని ఎదురుచూడకండి. ఆగినా, పక్కకు జరిగినా, ఒక్క లిప్తపాటు తటపటాయించినా కర్రను దిగువ వైపుకు పక్కకు లాగండి. పైకి లాగితే ఫ్లై చేప నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. చేప ఎగువకు చూస్తోంది కాబట్టి దిగువకు లాగితే కొక్కెం మూతి మూలకు గుచ్చుకుంటుంది. సగంసార్లు రాయే తగులుతుంది. పరవాలేదు, రాళ్లకు తగలనివాడికి చేపా తగలదు.

చేప పరుగెత్తితే పరుగెత్తనివ్వండి. 6ఎక్స్ దారాన్ని బలంతో ఆపలేరు. లైను వేళ్ల మధ్యనుంచి జారనిచ్చి, ఆగినప్పుడు లాక్కోండి. కర్రను నిలువుగా కాక అడ్డంగా వంచి పక్కనుంచి లాగితే చేప త్వరగా అలుస్తుంది. అది గాల్లోకి ఎగిరినప్పుడు కర్రను కొంచెం దించండి. మీరు దానికంటే దిగువన ఉంటే అది నీటితోనూ పోరాడాలి, ఎగువన ఉంటే నీరు దానికి తోడు. వలను నీటిలో ముంచి ఉంచి, చేప తల పైకెత్తాకే దాని మీదికి జార్చండి.

వదిలే చేపను పొడి చేతులతో ముట్టుకోకండి, ఒంటి మీది జిగురు పోతే జబ్బులు పడతాయి. వలలోనే, నీటిలోనే ఉంచి పటకారుతో కొక్కెం తీయండి. ఫోటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యాక ఎత్తండి, నీళ్లు కారడం ఆగేలోపు దించేయండి. ఎగువకు తలపెట్టి పట్టుకుంటే మొప్పలు ఆడతాయి, బలం వచ్చాక అదే జారిపోతుంది. నీటి వేడి 68 ఫారన్‌హీట్, అంటే 20 డిగ్రీలు దాటితే ట్రౌట్ వేట మానేయండి. అప్పుడు పట్టి వదిలిన చేప మీ కళ్ల ముందు ఈదుకుంటూ పోయినా తర్వాత చావవచ్చు. అలాంటి రోజు కిందికి పోయి గ్వాడలూప్ బాస్ పట్టండి, ఈ రాష్ట్రపు అధికారిక చేప అదే, వెచ్చని నీళ్లంటే దానికి లెక్కలేదు.

వండుకోవచ్చా?

తెలుగువాళ్లు అడగకుండా ఉండరు, నేనూ దాచను. చేపల్ని ఉంచుకోవడానికి వీలున్న భాగంలో, పరిమితి లోపల, చలికాలంలో వదిలిన రెయిన్‌బోలను ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. వాటిలో చాలావాటికి వచ్చే వేసవి దాటే యోగం లేదు. బ్రౌన్ ట్రౌట్ పడితే మాత్రం నేను వదిలేస్తాను. పట్టిన వెంటనే పొట్ట శుభ్రం చేసి మంచులో పెట్టండి. పొలుసు చాలా సన్నం, గీకే పనే ఉండదు. పులుసు పెట్టకండి. మాంసం మెత్తన, చింతపండు పులుపులో చితికిపోయి ఏమీ మిగలదు. పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి పెనం మీద చర్మం వైపు కరకరలాడేలా వేయించండి, నడిముల్లు ఒక్క లాగుకు వచ్చేస్తుంది. కొర్రమీను రుచి రాదు, అది ఆశించి తినకండి.

ఇంటికి బయల్దేరేముందు ఇంకో పని ఉంది. కెన్యాన్ జలాశయంలో జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పలు పాతుకుపోయాయి. వాటి పిల్లలు కంటికి కనిపించవు, తడి బూట్లలోనూ వలలోనూ ఇంకో చెరువుకు చేరతాయి. బూట్ల అడుగున మట్టి, నాచు అక్కడే కడిగేయండి. వేడర్లు తిరగేసి, వల విప్పి వారం రోజులు ఎండలో పెట్టండి. మా ఇంట్లో అవి వెనక వరండాలో, వడియాల చేట పక్కన ఎండుతుంటాయి.